కట్టకు ముందు ప్రశ్న

చిత్తూరు సీమకు పడమటి అంచున మదనపల్లె, సదుం, సోమల, పుంగనూరు, పలమనేరు, కుప్పము అను ఊళ్ళు ఉన్నవి. ఇవన్నియు మెట్టమీది ఊళ్ళు. ఇచ్చట ఏడాది పొడుగునా పారు నది ఒక్కటియు లేదు. వాన కురిసిననాడు వంక పొంగును. నాలుగు దినములు గడచునప్పటికి ఇసుక తేలును. చెరువు నిండిన ఏడు పెండ్లిండ్లు జరుగును. నిండని ఏడు పడుచువాండ్రు బెంగళూరు దారి పట్టుదురు. ఇట్టి సీమలో కొత్తగా ఒక కట్ట వేసెదమన్న వలదనువారు సాధారణముగ ఉండరు.

అయినను 2023 మే నెలలో, ఈ సీమలోనే, ఒక జలాశయమునకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ హరిత ట్రిబ్యునల్ రద్దు చేసినది. అది సదుమునకు పొరుగున, సోమల మండలములో తలపెట్టిన ఆవులపల్లి జలాశయము. ట్రిబ్యునల్‌కు ఎక్కినవారు ఎక్కడివారో కారు. ఆ చుట్టుపట్ల రైతులే. రద్దుతోపాటు రాష్ట్ర ప్రభుత్వమునకు 100 కోట్ల రూపాయల జరిమానా కూడ పడినది. నీటికి మొగము వాచిన సీమలో, నీటికొరకు ప్రభుత్వము కట్టు కట్టను, నీరు కోరు రైతులే ఏల ప్రశ్నించినారు? న్యాయపీఠము ఏల వారి మాట విన్నది? దీనికి సమాధానము కావలెనన్న, ఒక చిన్న ప్రశ్నకు గల పెద్ద చరిత్రను తెలిసికొనవలెను. ఆ ప్రశ్న ఇది: ప్రజల సొమ్ముతో కట్టునది ఏదైనను, కట్టకముందే దాని మేలుకీడులను ఎవరు విచారింపవలెను, ఎవరికి చెప్పవలెను?

మొదట ఈ నేల తీరును గమనింతము. మన మెట్ట ఒక ఇంటికప్పు వంటిది. దానిమీద పడిన వాన నాలుగు చూరులనుండి నాలుగు పక్కలకు జారును. ఉత్తరమునకు జారు వంకలు పింఛలోను, బాహుదలోను కలియును. ఆ రెండును కూడి చెయ్యేరు అగును. చెయ్యేరు కడప సీమలో పెన్నను చేరును. పలమనేరు పక్కనుండి పారు కౌండిన్య దక్షిణముగ పోయి పాలారులో పడును. ఆ పాలారు కర్ణాటకమున పుట్టి, కుప్పము నేలను ఒరసికొని తమిళనాట ప్రవేశించును. కనుక ఇచ్చట ఒక వంకకు అడ్డము వేసినచో, దాని ఫలితము ఆ ఊరి పొలిమేరతో ఆగదు. పైవాని కట్ట కిందివాని కరవు కావచ్చును; పైవాని కట్ట తెగినచో కిందివాని కొంప కొల్లేరు కావచ్చును.

ఈ సంగతి మన పూర్వులకు బాగుగ తెలియును. ఈ సీమలోని చెరువులు విడివిడిగ ఉన్నవి కావు. ఒక చెరువు మరవ పారిన నీరు కింది చెరువునకు వచ్చును. దాని మరవనీరు మరియొక చెరువునకు పోవును. ఇవి గొలుసు చెరువులు. పై ఊరివారు తమ మరవను ఒక జానెడు ఎత్తు చేసినచో, కింది ఊరివారు కఱ్ఱలు పట్టుకొని వచ్చెడివారు. అందుచేత మరవ ఎత్తు అనునది ఊరి పెద్దలు నలుగురు కూర్చుండి తేల్చిన కట్టుబాటు. చెరువు నీటిని మళ్ళమళ్ళకు పంచుటకు నీరుగంటి ఉండెడివాడు. చెరువు కట్టించినవారికి, దానిని బాగుచేయువారికి దశబంధము అను పేర ఆయకట్టు భూమిలో కొంత మాన్యముగ లభించెడిది. చెరువు చెడకుండ చూచుట ఆ మాన్యమునకు షరతు. అనగా కట్టుటతో పని తీరలేదు. కట్టినదానికి బాధ్యత తరతరములు వెంట వచ్చెడిదన్నమాట.

ఈ విచారణ అంతయు నోటిమాటగనే ఉండినదా అన్న, లేదు. మన సీమకు ఉత్తరమున, కడప మండలములో పోరుమామిళ్ళ అను ఊరు కలదు. అచ్చట విజయనగర రాజులలో మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఒక గొప్ప చెరువు కట్టించినాడు. ఆ చెరువు నేటికిని ఉన్నది. దానిని గూర్చి శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369లో వేయించిన శాసనము సంస్కృత శ్లోకములలో ఉన్నది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినట్లు శాసనము చెప్పుచున్నది. దానధర్మములను వర్ణించు శాసనములు మనకు వేలకు వేలు కలవు. పోరుమామిళ్ళ శాసనము విశేషము వేరు. మంచి చెరువునకు పన్నెండు అంగములు ఉండవలెనని, ఆరు దోషములు ఉండరాదని అది వరుసగ చెప్పుచున్నది.

పన్నెండు అంగములలో ధర్మబుద్ధి గల ప్రభువు ఒకడు. జలశాస్త్రము నెరిగిన పండితుడు ఒకడు. గట్టినేల, తీయని నీరు గల ఏరు, దానిని ఒరసికొన్న కొండలు, మంచి రాయి దొరకు గని, కింద సమమైన సారవంతపు పొలము, పని తెలిసిన మనుష్యులు — ఇట్లు సాగును ఆ పట్టిక. దోషములు ఇంకను ఆలోచింపదగినవి. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము. నేల చౌడుదగుట ఒకటి. రెండు రాజ్యముల ఎల్లపై చెరువు ఉండుట ఒకటి. చెరువు నడుమ మిట్ట ఉండుట ఒకటి. నీరు కొంచెమై తడుపవలసిన పొలము మిక్కుటమగుట ఒక దోషము. నీరు మిక్కుటమై పొలము కొంచెమగుట మరియొక దోషము. ఈ ఆరింటిని నేటి కాగితపు భాషలోనికి మార్చినచో, కట్ట భద్రత, నేల పరీక్ష, అంతర్రాష్ట్ర వివాదము, స్థల నిర్ణయము, నీటి లభ్యత, ఆయకట్టు లెక్క అగును. ఆరు వందల యేండ్లకు పూర్వము, రాతిమీద, ప్రజలు చదువుటకు వీలుగ, ఒక ప్రభువు తాను కట్టిన పనిని కొలుచుటకు కొలబద్దను కూడ నిలిపినాడు. కావున కట్టకు ముందు విచారణ అనునది మనకు పరదేశపు సరకు కాదు.

తెల్లదొరల కాలము వచ్చినది. చెరువులు మరమ్మతు లేక పాడుపడినవి. 1883లో మద్రాసు ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణ పథకమును ఆరంభించి, ఒక్కొక్క చెరువునకు పరీవాహక ప్రదేశమెంత, నీరు ఎంత పట్టును, మరవ ఎంత పొడవు ఉండవలెను అని కొలతలు తీయించినది. ఇంతలో ఎగువన మైసూరు సంస్థానము కొత్త చెరువులు, ఆనకట్టలు కట్టసాగినది. దిగువనున్న మద్రాసు రాజధాని భయపడినది. ఇరువురి నడుమ ఉత్తరప్రత్యుత్తరములు పెక్కు నడచి, 1892 ఫిబ్రవరి 18న ఒక ఒడంబడిక కుదిరినది.

ఆ ఒడంబడికలో పదునైదు పెద్ద నదుల పేర్లు ఉన్నవి. తుంగభద్ర, కావేరి వంటి మహానదులతోపాటు మన మెట్టకు చుట్టములైన పినాకిని, చిత్రావతి, పాపఘ్ని, పాలారు కూడ ఆ పట్టికకు ఎక్కినవి. ఈ నదులకు అడ్డముగ కొత్త జలాశయము కట్టదలచినపుడు మైసూరు ప్రభుత్వము ముందుగ మద్రాసు అంగీకారము పొందవలెను. కట్టబోవు పని వివరములన్నియు పంపవలెను. మద్రాసు కూడ న్యాయమైన కారణము లేక కాదనరాదు. ఇరువురికి పొసగనిచో మధ్యవర్తి తీర్పు చెప్పవలెను. కృష్ణరాజసాగరము విషయమున అట్టి మధ్యవర్తిత్వమే నడచినది. ఆ తగవు 1924 ఒడంబడికతో ఒక కొలిక్కి వచ్చినది.

ముందు వివరము, తరువాత అంగీకారము, అటుపిమ్మట పని — ఈ వరుస ఆ ఒడంబడికలో స్పష్టముగ ఉన్నది. కాని దానిలో ఒక లోపమును కూడ చూడవలెను. అడిగినవాడు ప్రభువు, చెప్పినవాడు ప్రభువు. ముంపునకు లోనగు ఊరివాని మాట, మేత కోల్పోవు పశువు మాట, నరకబడు అడవి మాట ఆ కాగితములలో కానరావు. దిగువ ఆయకట్టునకు నీరు తగ్గునా అనునది ఒక్కటే వారి ప్రశ్న. ఆ తగవు తీరు నేటికిని సమసిపోలేదు. కుప్పము ప్రాంతమున గణేశపురము వద్ద పాలారుపై ఆనకట్ట తలపెట్టినపుడు, దిగువనున్న తమిళనాడు 2006లో సుప్రీంకోర్టుకు ఎక్కినది. రెండు రాజ్యముల ఎల్ల అను పోరుమామిళ్ళ దోషము ఎంత దీర్ఘాయువు గలదో చూడుడు!

స్వాతంత్ర్యము వచ్చిన పిదప దేశమంతట పెద్ద ఆనకట్టల కాలము వచ్చినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినాడు. ఆ కాలమున ప్రణాళికా సంఘము ఒక పథకమును ఆమోదింపవలెనన్న ముఖ్యముగ చూచినది ఖర్చెంత, రాబడి ఎంత అని. ఆ తూకము తప్పనజాలము. కాని తక్కెడలో వేయని బరువులు పెక్కు మిగిలిపోయినవి. శ్రీశైలము జలాశయమే తార్కాణము. కర్నూలు, మహబూబునగరము మండలములలో నూరింటికి పైబడిన ఊళ్ళు దాని నీటికింద పోయినవి. 1981లో ఆ ఊళ్ళను ఖాళీ చేయించిన తీరు అచ్చటి ముసలివాండ్రు మరువలేదు. విచిత్రమేమన, నేడు హంద్రీ–నీవా కాలువద్వారా మన మెట్టకు తెచ్చు కృష్ణనీరు ఆ శ్రీశైలము జలాశయమునుండి తోడినదే. ఒక సీమవారి దప్పిక తీర్చు నీటి అడుగున మరియొక సీమవారి ఊళ్ళు ఉన్నవి. దీనిని ఎవరినో నిందించుటకు చెప్పుట కాదు. తూకములో వేయని బరువు లేకుండ పోదు, మరియొకరి భుజముపైకి పోవును అని చెప్పుటకు మాత్రమే.

ఈ మిగిలిన బరువులను కూడ తూచవలెనని ప్రభుత్వములను చట్టముతో బంధించిన మొదటి దేశము అమెరికా. 1970 జనవరి 1న అచ్చట అమలులోనికి వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టము కేంద్రప్రభుత్వ శాఖలన్నిటిని ఉద్దేశించినది. ప్రభుత్వము తాను చేయు పని గాని, తాను డబ్బిచ్చు పని గాని, తాను అనుమతించు పని గాని ప్రకృతిపై గట్టిగ ప్రభావము చూపునదైనచో, ముందుగ వివరమైన నివేదిక వ్రాసి బయట పెట్టవలెను. వేరు మార్గములు ఏమున్నవో కూడ అందు చెప్పవలెను. ఆ పని చేయరాదని ఆ చట్టము అనదు. తెలిసి చేయుమనును, నలుగురికి తెలిపి చేయుమనును. 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి జరిపిన పర్యావరణ మహాసభ ఈ భావమును లోకమంతట నాటినది.

మన దేశములో 1976లో జరిగిన నలుబది రెండవ రాజ్యాంగ సవరణ, పర్యావరణమును కాపాడుట రాజ్యమునకు విధాయకముగను, పౌరునికి కర్తవ్యముగను చేసినది. ఆ కాలముననే 1976–77లో, ప్రణాళికా సంఘము కోరగా, శాస్త్ర సాంకేతిక శాఖవారు నదీలోయ పథకములను పర్యావరణ దృష్టితో పరిశీలింపసాగినారు. మన దేశములో ఈ పరిశీలన మొట్టమొదట ఆనకట్టలతోనే, అనగా ప్రభుత్వపు సొంత పనులతోనే, ఆరంభమైనదని గుర్తుంచుకొనదగును. 1980లో అటవీ సంరక్షణ చట్టము వచ్చినది. కేరళలోని సైలెంట్ వ్యాలీ అను అడవిని ముంచు విద్యుత్పథకము ప్రజల ఆందోళన ఫలితముగ 1983లో విరమింపబడినది. భోపాల్ దుర్ఘటన పిదప 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వెలువడినది. ఆ చట్టము కింద 1994 జనవరి 27న వచ్చిన ప్రకటనతో పర్యావరణ ప్రభావ మదింపు తప్పనిసరి అయినది. 1997లో బహిరంగ విచారణ చేర్చినారు. 2006 సెప్టెంబరు 14న పాత ప్రకటన స్థానములో కొత్తది వచ్చినది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడినది.

ఈ మదింపు నడచు తీరు గృహస్థులందరు తెలిసికొనదగినది. దీనికి నాలుగు మెట్లు. మొదటిది జల్లెడ పట్టుట: ఈ పథకము ఏ తరగతికి చెందును, దానికి పూర్తి పరీక్ష కావలెనా అని తేల్చుట. రెండవది, ఏయే విషయములు పరిశీలింపవలెనో నిర్ణయించుట. మూడవది ప్రజాభిప్రాయ సేకరణ. నాలుగవది, నిపుణుల సంఘము అన్నిటిని మదించి సిఫారసు చేయుట. మూడవ మెట్టు మన మాటకు చోటిచ్చునది. ఆ విచారణకు ముప్పది దినములకు తక్కువ కాకుండ గడువిచ్చి ప్రకటించవలెను. నివేదిక సారాంశము ఇంగ్లీషులోనే గాక స్థానిక భాషలో, అనగా మనకు తెలుగులో, అందుబాటులో ఉంచవలెను. కలెక్టరుగాని వారి ప్రతినిధియైన పై అధికారిగాని అధ్యక్షత వహింపవలెను. చెప్పిన మాటలను వ్రాసికొని, సభను వీడియో తీయవలెను.

కాని ఈ నాలుగు మెట్లకు ముందు ఒక గడప కలదు, అది పరిమాణము. 2006 ప్రకటనలో పదివేల హెక్టార్లు, అంతకు మించిన ఆయకట్టు గల నదీలోయ పథకమును ఢిల్లీలోని కేంద్రశాఖ చూడవలెనని, అంతకు తక్కువదానిని రాష్ట్రస్థాయి ప్రాధికార సంస్థ చూడవలెనని పెట్టినారు. 2018లో ఈ లెక్కలను మార్చుచు, రెండు వేల హెక్టార్లలోపు చిన్న పథకములను మినహాయించినారు. రెండు వేలకు పైన పదివేలకు లోపల ఉన్నవానికి పరీక్షను తేలిక చేసినారు. చిన్న పనికి చిన్న పరీక్ష అనుట సబబే. చెంబెడు నీళ్ళకు చెరువంత విచారణ అక్కరలేదు. అయితే లెక్కలో ఒక అంకె దిగినచో పరీక్ష బరువు కూడ దిగును. ఆశ పుట్టునది అచ్చటనే.

తెలుగునాట ఈ నియమము పెద్ద పనులను పెక్కింటిని తాకినది. పోలవరము పథకమునకు 2005 అక్టోబరులో అనుమతి వచ్చినది. విచారణలు ఆంధ్రప్రదేశములో జరిగినవిగాని, ముంపు తాకు ఒడిశాలోను, ఛత్తీస్‌గఢ్‌లోను జరుగలేదని జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ 2007 డిసెంబరులో దానిని కొట్టివేసినది. ఆ ఉత్తర్వుపై హైకోర్టు స్టే ఇచ్చినది. అమరావతి రాజధాని నిర్మాణమునకు 2015లో ఇచ్చిన అనుమతిని 2017 నవంబరులో ట్రిబ్యునల్ నిలిపి ఉంచుచునే, కొండవీటి వాగు వరద మొదలగు విషయములలో షరతులు విధించినది. 2020 అక్టోబరులో రెండు తీర్పులు వెంటవెంటనే వచ్చినవి. తెలంగాణములో కాళేశ్వరము పనులు చాలవరకు నడచిన తరువాత అనుమతి తీసికొనుట చట్టసమ్మతము కాదని ఒకటి. రాయలసీమ ఎత్తిపోతల పథకము అనుమతి లేనిదే సాగరాదని రెండవది. ఈ రెండింటను ప్రభుత్వముల వాదము కొంత ఒక్క పోలికదే: ఇది తాగునీటి పని, పరీక్ష అక్కరలేదు అని. దాహము పేరు చెప్పిన ఎవరు కాదనగలరు? అందుచేతనే ఆ పేరు మాటిమాటికి వినవచ్చుచుండును.

ఇపుడు ఆవులపల్లికి వత్తము. శ్రీశైలమునుండి నలుబది టి.ఎం.సి.ల కృష్ణనీటిని కర్నూలు, అనంతపురము, కడప, చిత్తూరు సీమలలో ఆరు లక్షల ఎకరాలకు అందించవలెనని హంద్రీ–నీవా పథకము. మన మెట్ట ఆ కాలువకు తోకలో ఉన్నది. తోకలోని వారికి నీరు నిలకడగ అందవలెనన్న నడుమ నిలువచేయు తావులు కావలెనని మూడు జలాశయములు తలపెట్టినారు: కురబలకోట మండలములో ముదివేడు, పుంగనూరు వైపు నేతిగుట్లపల్లి, సోమల మండలములో ఆవులపల్లి. ఈ ఆశయములో తప్పు పట్టవలసినది లేదు. తోకలోని రైతు దశాబ్దములుగ ఎదురుచూచినాడు.

పేచీ అంకెలలో వచ్చినది. ఆవులపల్లి జలాశయము మొదటి పథకము ప్రకారము మూడున్నర టి.ఎం.సి.లది. అనుమతి కోరినపుడు దానిని రెండున్నరగ చూపినారు. ఈ విధముగ తగ్గించి చూపి పర్యావరణ అనుమతి పొందినారని ట్రిబ్యునల్ నిర్ణయించి, రాష్ట్ర ప్రాధికార సంస్థ ఇచ్చిన అనుమతిని కొట్టివేసినది. నూరు కోట్ల జరిమానాను కృష్ణా నది యాజమాన్య బోర్డునకు చెల్లింపుమన్నది. వ్యవహారము అటుపిమ్మట సుప్రీంకోర్టు గడప ఎక్కినది.

ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. తగ్గించి చూపినది నూరు కోట్ల ఘనపుటడుగులు. పడిన జరిమానా నూరు కోట్ల రూపాయలు. అడుగునకు ఒక రూపాయి చొప్పున పడినదన్నమాట! ఇది కాకతాళీయమే కావచ్చును. కాని ఆ రూపాయి ఎవరిది? ప్రభుత్వము చెల్లించు జరిమానా ఏ మంత్రి మూటనుండియు, ఏ ఇంజనీరు జీతమునుండియు రాదు. అది ఖజానానుండి వచ్చును. అనగా జలాశయమునకు భూమి పోవు రైతు కట్టిన పన్ను, జలాశయము కొరకు ఎదురుచూచు రైతు కట్టిన పన్ను, రెండును అందు ఉన్నవి. తూచవలసిన దానిని ముందు తూచనిచో, తరువాత తూకము మన చేతినుండి జారి న్యాయస్థానము చేతికి పోవును. కూలి మాత్రము మనమే ఇచ్చుకొందుము.

ఒక అంకెకు ఇంత రాద్ధాంతమా అని కొందరు అడుగవచ్చును. జలాశయపు అంకె కచేరీ కాగితముపై అంకె మాత్రమే కాదు. ఎంత నేల మునుగును, కట్ట ఎంత ఎత్తు లేవవలెను, వరద వచ్చిన మరవనుండి ఎంత నీరు పోవలెను, కింది ఊళ్ళకు ఎంత దూరము ముప్పు — ఇవన్నియు ఆ అంకెకు బిడ్డలు. తల్లి అబద్ధమైనచో బిడ్డలు నిజమగుటెట్లు? 2021 నవంబరును మన సీమ మరువదు. ఈ మెట్టమీద, దిగువన ఎడతెగని వానలు కురిసినవి. పింఛ జలాశయపు కట్ట తెగినది. ఆ నీరును కలసికొని చెయ్యేరు విరుచుకొని పడగా, నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయినది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలగు ఊళ్ళమీదికి ఏరు వచ్చిపడినది. పదుల సంఖ్యలో ప్రాణములు పోయినవి. గొడ్డుగోద, ఇల్లువాకిలి, ఇసుక మేట వేసిన పొలము లెక్కకు మించినవి. ఆ విషాదము వేరు, ఆవులపల్లి వ్యాజ్యము వేరు. రెండింటిని ముడివేయుట న్యాయము కాదు. కాని ఎగువన నీటిని నిలుపు ప్రతి పనికి దిగువన మనుష్యులున్నారని అంతకంటె గట్టిగ చెప్పగల పాఠము లేదు. కట్టకు ముందు అడుగు ప్రశ్నలు ఈ మనుష్యుల తరఫున అడుగునవి.

ఈ నియమములు అభివృద్ధికి అడ్డంకులని ఒక ఆరోపణ కలదు. అందు కొంత నిజము లేకపోలేదు. నివేదికలు నెలల తరబడి సాగును; అద్దెకు వ్రాసిపెట్టు సలహాదారులు ఒక ఊరి అడవిని గూర్చిన పుటలను మరియొక ఊరి నివేదికలో అతికించుటయు కలదు; విచారణ సభలలో అరపులే గాని ఆలోచనలు ఉండని సందర్భములు ఉన్నవి. ఈ జాడ్యములను కుదుర్చవలసినదే. కాని వైద్యము సరిగ లేదని నాడి చూచుటయే మానుకొందుమా? ఆవులపల్లిలో పని నిలిచినది ప్రశ్న అడిగినందువలన కాదు. ప్రశ్నకు సరియైన జవాబు చెప్పనందువలన. మూడున్నరను మూడున్నరగ చూపి, అందుకు తగిన పరీక్షకు నిలిచి, ముంపు రైతుతో ముఖాముఖి మాటలాడి ఉన్నచో కొన్ని నెలలు జాగు అయ్యెడిదేమో. సంవత్సరములు పోయెడివి కావు.

మరియొక విశేషము. వ్యాపారి ఒకడు ఫ్యాక్టరీ పెట్టినచో పర్యవేక్షించుటకు ప్రభుత్వము ఉన్నది. ప్రభుత్వమే కట్టినచో పర్యవేక్షించువారెవరు? పథకము వేయునది ప్రభుత్వము; డబ్బిచ్చునది ప్రభుత్వము; అనుమతించు సంస్థను నియమించునది ప్రభుత్వము. ఇట్టి ఇంట్లో తప్పు జరిగినచో పట్టుకొనుటకు మిగిలినవి రెండే: బహిరంగముగ పెట్టిన కాగితము, దానిని చదివి ప్రశ్నించు పౌరుడు. పోరుమామిళ్ళ రాజు తన చెరువు గుణదోషముల కొలబద్దను రాతిమీద చెక్కించినది ఇందుకే అనుకొనవచ్చును. కొలబద్ద రాజుగారి పెట్టెలో ఉన్నచో అది కొలబద్ద కాదు.

కావున మన ఊరి దాపున ఒక జలాశయమో, కాలువయో, రహదారియో రాబోవుచున్నదని తెలిసినపుడు సంతోషింతము. సంతోషించుచు నాలుగు ప్రశ్నలు అడుగుదము. నీరు ఎచ్చటిది, ఎవరి వాటాలోనిది? మునుగునది ఎంత, ఎవరిది, వారికి బదులు ఏమిచ్చెదరు? దిగువవారికి తగ్గునది ఏమి, వారికి కలుగు ముప్పు ఏమి? ఈ లెక్కలు మొదటి కాగితములోను, చివరి కాగితములోను ఒక్కటిగనే ఉన్నవా? ఈ నాలుగింటికి తెలుగులో, ఊరి నడుమ, నిలబడి సమాధానము చెప్పగల పథకమునకు ఏ ట్రిబ్యునల్‌తోను భయము ఉండదు. చెప్పలేని పథకము గట్టిపడకముందే ఆగుట ఊరికిని మేలు, ఖజానాకును మేలు.

మెట్టసీమ రైతునకు నీరు కావలెను. అది ఆయన హక్కు. ఆ నీటిని గూర్చి నిజము కూడ కావలెను. అదియు ఆయన హక్కే.